సినైటికస్: దిద్దుబాట్లతో నిండిన ఆ పాత బైబిలు ఏమి చెబుతుంది, ఏమి చెప్పదు

ఇటీవలి బైబిలు అనువాదాల్లో మార్కు సువార్త 16వ అధ్యాయం తెరిస్తే, 8వ వచనం తర్వాత ఒక గీతో బ్రాకెట్టో కనిపిస్తుంది. అడుగున చిన్న అక్షరాల్లో ఒక సూచన ఉంటుంది: ఇక్కడి నుంచి 20వ వచనం వరకు అతి ప్రాచీన ప్రతుల్లో లేదు అని. ఆ ప్రతులేమిటో, ఎక్కడున్నాయో, వాటి మాటకు ఎంత విలువ ఇవ్వాలో ఆ సూచనలో ఉండదు. ఆ ఖాళీలోనే వాదోపవాదాలు పుట్టుకొస్తున్నాయి. దేవుని వాక్యంలోంచి వచనాలు కోసేశారని కొందరు ఆవేదన చెందుతారు. బైబిలును మార్చారనడానికి ఇంతకన్నా రుజువేమి కావాలని మరికొందరు అడుగుతారు. అసలా పాత ప్రతే నకిలీదని ఇంకొందరు వీడియోలు చేస్తారు. ఈ వాదాలన్నీ తిరిగి తిరిగి చేరేది ఒకే పుస్తకం దగ్గరికి. అదే కోడెక్స్ సినైటికస్, అంటే సీనాయి గ్రంథం. దాని పేరు చెప్పి వాదించేవాళ్లు చాలామందే ఉన్నా, దాని పేజీలో నిజంగా ఏముందో చూపించేవాళ్లు తక్కువ. కాబట్టి ముందు పేజీ చూద్దాం.

తోలు మీద రాసిన పెద్ద పుస్తకం

కోడెక్స్ అంటే చుట్టగా చుట్టేది కాకుండా, మడిచి కుట్టిన పుస్తకం. సినైటికస్‌లోని పత్రాలు కాగితమూ కావు, రెల్లు నుంచి తయారు చేసే పపైరస్సూ కావు. దూడ, గొర్రె వంటి జంతువుల చర్మాన్ని శుభ్రం చేసి, సాగదీసి ఆరబెట్టి, గీకి పలుచగా చేసిన చర్మపత్రాలు. ఒక్కో పేజీ సుమారు 38 సెంటీమీటర్ల ఎత్తు, 34 సెంటీమీటర్లకు పైగా వెడల్పు. చాలా పేజీల్లో నాలుగు నిలువు వరుసలు, వరుసకు 48 పంక్తులు. పుస్తకం తెరిచి పెడితే ఎనిమిది వరుసలు ఒకేసారి కంటబడతాయి. కీర్తనల వంటి కవితాభాగాల్లో మాత్రం పేజీకి రెండు వరుసలే.

భాష గ్రీకు. అక్షరాలన్నీ పెద్దబడి అక్షరాలు, పదానికీ పదానికీ మధ్య ఖాళీ లేదు. తాళపత్రాలు చూసినవారికి ఇది కొత్త కాదు. ‘రామునితోకపివరుండిట్లనియె’ అన్న పంక్తిని ఎక్కడ విడగొట్టాలో తెలియకపోతే రాముడికి తోక వచ్చినట్లే, ఇక్కడా పదవిభజన చదివేవారి బాధ్యత. దేవుడు, ప్రభువు, యేసు వంటి పవిత్ర నామాలను మాత్రం రెండు మూడు అక్షరాలకు కుదించి, పైన అడ్డగీత గీశారు. ఆనాటి క్రైస్తవ లేఖకుల అలవాటు అది.

పాత నిబంధనలో ఇప్పుడు మిగిలింది దాదాపు సగం. అది హీబ్రూ మూలం కాదు, యూదులు క్రీస్తుకు పూర్వమే మొదలుపెట్టిన గ్రీకు అనువాదం. కొత్త నిబంధన మాత్రం 27 పుస్తకాలతో సంపూర్ణంగా ఉంది. ఈ గ్రంథానికున్న ప్రత్యేకత ఇక్కడే ఉంది. దీనికన్నా పాత పపైరస్ ముక్కలు చాలానే దొరికాయి, కానీ కొత్త నిబంధన మొత్తం ఒకే అట్టలో ఉన్న ప్రతుల్లో ఇంతకన్నా పాతది మనకు లేదు. దీని సమకాలికమైన మరో గ్రీకు బైబిలు, రోములోని వాటికన్ గ్రంథాలయంలో ఉన్న వాటికన్ ప్రతి. అందులో కొత్త నిబంధనలోని హెబ్రీయుల పత్రిక మధ్య నుంచి చివరి పత్రాలు పోయాయి.

ఏ కాలానిదో ఎలా చెబుతారు

పుస్తకం మీద తేదీ లేదు. అక్షరాల తీరును తేదీ తెలిసిన ఇతర రాతలతో పోల్చి క్రీస్తుశకం 4వ శతాబ్దం అంటారు. దానికి తోడు ఒక లోపలి ఆధారం ఉంది. నాలుగు సువార్తల్లో ఒకే సంఘటన ఎక్కడెక్కడుందో చూపించే అంకెల పద్ధతి ఒకదాన్ని కైసరయ బిషప్పు యూసేబియస్ తయారు చేశాడు. ఆయన 340 ప్రాంతంలో మరణించాడు. ఆ అంకెలు ఈ గ్రంథం అంచుల్లో ఉన్నాయి. అంటే ఆయన ఆ పద్ధతి రూపొందించిన తర్వాతే ఈ పుస్తకం తయారైంది. చాలామంది పండితులు 4వ శతాబ్దం నడిమి కాలమని చెబుతారు. అక్షరాల తీరును బట్టి చూస్తే 5వ శతాబ్దం తొలి సంవత్సరాల దాకా కూడా అవకాశం ఉందన్న వాదన ఈమధ్య వినిపించింది.

రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ తన కొత్త రాజధాని చర్చిల కోసం 50 బైబిలు ప్రతులు రాయించమని యూసేబియస్‌ను ఆదేశించాడు. వాటిలో ఇది ఒకటని రాసేవాళ్లున్నారు. ఊహకు బాగానే ఉంటుంది, నిరూపించే ఆధారం లేదు.

లేవీయుడు జారిపోయిన చోట

ఈ పుస్తకాన్ని కనీసం ముగ్గురు లేఖకులు రాశారు, నలుగురని కొందరి లెక్క. వారి తర్వాత శతాబ్దాల తరబడి ఎందరో దిద్దారు. మిగిలిన పేజీల్లోనే దిద్దుబాట్లు 20 వేలు దాటాయి. ఆ సంఖ్య వినగానే గుండె జారిపోయేవారుంటారు, వేలెత్తి చూపేవారూ ఉంటారు. అంకెకన్నా ముందు ఆ దిద్దుబాట్లు ఎలాంటివో చూడాలి. వాటిలో చాలా భాగం వర్ణక్రమ దోషాలకు సంబంధించినవి. ఆనాటికి గ్రీకులో కొన్ని అచ్చులు పలకడంలో ఒకటైపోయాయి. చెవికి ఒకటే గనక చేతికి ఏది వస్తే అది రాశారు.

కాస్త పెద్ద తప్పు ఒకటి చూద్దాం. లూకా 10వ అధ్యాయంలో మంచి సమరయుని కథ ఉంది. దొంగలు కొట్టి పడేసిన మనిషిని చూసి యాజకుడు తప్పుకుపోతాడు, తర్వాత లేవీయుడు, అంటే దేవాలయ సేవకుడు, తప్పుకుపోతాడు, ఆ తర్వాత సమరయుడు వచ్చి ఆదుకుంటాడు. సినైటికస్‌లో మొదటి లేఖకుడు రాసిన కథలో లేవీయుడు లేడు. 32వ వచనం మొత్తం మాయం.

కారణం వెతకడానికి గ్రీకు రాకపోయినా ఫరవాలేదు, తెలుగు బైబిలే చాలు. 31వ వచనం ‘ప్రక్కగా పోయెను’ అని ముగుస్తుంది. 32వ వచనమూ ‘ప్రక్కగా పోయెను’ అనే ముగుస్తుంది. గ్రీకులోనూ రెండూ ‘ఆంటిపరేల్థెన్’ అన్న ఒకే మాటతో ముగుస్తాయి. లేఖకుడు మొదటి ‘ప్రక్కగా పోయెను’ రాసి తల తిప్పాడు. మళ్లీ మూలప్రతి వైపు చూసినప్పుడు కన్ను రెండో ‘ప్రక్కగా పోయెను’ మీద పడింది. అక్కడి నుంచి ముందుకు సాగాడు. మధ్యలో లేవీయుడు పోయాడు. దీని వెనుక కుట్ర లేదు, సిద్ధాంతమూ లేదు. యోహాను 16:15 కూడా ఇదే గ్రంథంలో ఇదే విధంగా జారిపోయింది. రెండు చోట్లా తర్వాతివారు గమనించి సరిచేశారు. ఒకే రకం ముగింపుల మధ్య కన్ను దూకడం ప్రపంచంలో ఏ భాష రాతప్రతుల్లోనైనా పరిష్కర్తలకు రోజూ ఎదురయ్యే దోషమే.

అందుకని ‘సినైటికస్‌లో లేదు’ అన్న మాట వినగానే వేయవలసిన మొదటి ప్రశ్న ఇది: చేతి పొరపాటు వల్ల లేదా, లేక ఎదుట పెట్టుకుని రాసిన మూలప్రతిలోనే లేదా? మొదటి రకం లోపాలు సాధారణంగా ఆ ఒక్క ప్రతికే పరిమితం. రెండో రకం లోపాలు ఒకదానితో ఒకటి సంబంధం లేని పాత ప్రతుల్లోనూ కనిపిస్తాయి. నాకు తెలిసి ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే సగం గొడవలు వస్తున్నాయి.

చుక్కలు పెట్టి, చెరిపి, మళ్లీ నిలిపిన మాటలు

కొన్ని దిద్దుబాట్లు పొరపాట్లకు సంబంధించినవి కావు. అక్కడ పాఠం మీదే అభిప్రాయభేదం ఉంది. లూకా 22:43, 44 వచనాలు గెత్సెమనే తోటలోవి. దేవదూత వచ్చి యేసును బలపరచడం, ఆయన చెమట రక్తబిందువుల వలె నేల మీద పడడం అక్కడి సంగతి. సినైటికస్ లేఖకుడు ఆ వచనాలు రాశాడు. తర్వాత ఒకరు వాటి పక్కన గుర్తులు పెట్టి, ఇవి ఉండకూడదని సూచించారు. ఆ తర్వాత మరొకరు ఆ గుర్తులను చెరిపేసి, వచనాలను నిలబెట్టారు. చెరిపిన గుర్తుల జాడ ఇప్పటికీ కనిపిస్తుంది. ‘తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము’ అన్న లూకా 23:34 మాటకూ ఇదే జరిగింది.

యోహాను సువార్త చివరి పేజీ ఇంకా ఆశ్చర్యకరం. లేఖకుడు 21:24 దగ్గరే సువార్త ముగించి, ముగింపు అలంకారం గీశాడు. తర్వాత దాన్ని చెరిపి, 25వ వచనం రాసి, కింద మళ్లీ అలంకారం గీశాడు. ఈ సంగతిని 19వ శతాబ్దంలోనే అనుమానించారు గానీ, గ్రంథం లండన్ చేరాక అతినీలలోహిత కాంతిలో పరిశీలించినప్పుడే తేటతెల్లమైంది. లేఖకుడు చూసి రాసిన ప్రతిలో ఆ వచనం లేక, మరో ప్రతి చూసి చేర్చాడా? లేక తొందరపడి ముందే ముగించేశాడా? రెండింటికీ అవకాశం ఉంది.

నా దృష్టిలో ఈ పుస్తకంలో అన్నింటికన్నా విలువైనవి ఈ దిద్దుబాట్లే. మచ్చలేని ప్రతి ఒకటి దొరికి ఉంటే, ఆనాటివారు ఏ పాఠాలను ఎరుగుదురో, ఏ మాట దగ్గర ఆగి ఆలోచించారో మనకు తెలిసేది కాదు. ఎస్తేరు గ్రంథం చివర ఒక దిద్దరి రాసిపెట్టిన మాట కూడా ఉంది: హతసాక్షి పాంఫిలస్ స్వహస్తంతో సరిచూసిన చాలా పాత ప్రతితో దీన్ని పోల్చి చూశానని. వాక్యం మీద భక్తి ఉన్నవారు అక్షరం విషయంలో ఎంత జాగ్రత్త పడ్డారో ఆ ఒక్క వాక్యం చెబుతుంది.

మార్కు చివరి పన్నెండు వచనాలు

ఇప్పుడు అసలు చిక్కుముడి. సినైటికస్‌లో మార్కు సువార్త 16:8 దగ్గర ముగుస్తుంది. స్త్రీలు ఖాళీ సమాధి చూసి, భయపడి, ఎవరితోనూ ఏమీ చెప్పలేదు, అంతే. తర్వాతి వరుసలో లూకా మొదలవుతుంది. వాటికన్ ప్రతిలోనూ అక్కడే ముగుస్తుంది.

పునరుత్థానుడైన యేసు శిష్యులకు కనిపించడం, సర్వలోకానికి వెళ్లి సువార్త ప్రకటించమనడం వంటివి ఉన్న 9–20 వచనాలు తర్వాత చేరాయనేవారు ఈ రెండు ప్రతులతో పాటు యూసేబియస్ మాటను కూడా చూపిస్తారు. తన కాలంలో ఖచ్చితమైన ప్రతులు 8వ వచనంతో ముగుస్తాయని ఆయన రాశాడు. ఆ పన్నెండు వచనాల గ్రీకు శైలి మిగతా మార్కు శైలితో కలవదని కూడా అంటారు.

ఎదుటి పక్షం వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. క్రీస్తుశకం 180 ప్రాంతంలో ఐరేనియస్ అనే బిషప్పు మార్కు 16:19ని మార్కు సువార్త ముగింపుగానే ఉటంకించాడు. అంటే సినైటికస్ రాయడానికి ఒకటిన్నర శతాబ్దానికి పైగా ముందే ఆ వచనాలున్న ప్రతులు ఉన్నాయి. తర్వాతి కాలపు గ్రీకు ప్రతుల్లో అత్యధికం వాటిని కలిగి ఉన్నాయి.

ఇంకో మెలిక ఉంది. మార్కు చివరి భాగం, లూకా మొదటి భాగం ఉన్న జంటపత్రాన్ని సినైటికస్‌లో మొదట రాసిన లేఖకుడు కాక వేరొకరు తిరగరాశారు. ఆ పేజీల్లో అక్షరాలు ఒకచోట వదులుగా, ఒకచోట ఇరుకుగా ఉంటాయి. తీసేసిన పాత పత్రంలో ఆ పన్నెండు వచనాలు ఉండేవేమోనని కొందరు అనుమానించారు. అక్షరాలు లెక్కవేసి చూసినవారిలో ఎక్కువమంది అంత చోటు సరిపోదని తేల్చారు.

వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ, అంటే యోహాను 7:53–8:11, సినైటికస్‌లో లేదు. ప్రభువు ప్రార్థన చివర రాజ్యము, శక్తి, మహిమ అంటూ వచ్చే స్తుతి మత్తయి 6:13లో లేదు. పరలోకంలో సాక్ష్యమిచ్చేవారు ముగ్గురనే 1 యోహాను 5:7 దీర్ఘపాఠం కూడా లేదు. చివరిదాని పరిస్థితి వేరు. పాత గ్రీకు ప్రతుల్లో దేనిలోనూ అది కనిపించదు. గ్రీకు కొత్త నిబంధనను అచ్చు వేసిన పండితుడు ఎరాస్మస్ దాన్ని తన పాఠంలోకి 1522లో మాత్రమే చేర్చాడు.

పాతదైతే సరైనదేనా

వచనాలు తీసేశారు అన్న ఆవేదనకు ఒక చారిత్రక కారణం ఉంది. ఎరాస్మస్ 1516లో మొదటిసారి ముద్రించి ప్రచురించిన గ్రీకు కొత్త నిబంధనకు ఆధారం ఆయనకు అందుబాటులో ఉన్న కొద్దిపాటి తర్వాతి కాలపు ప్రతులు. ఆ సంప్రదాయంలోని పాఠమే మూడు వందల ఏళ్లకు పైగా అనువాదాలకు మూలమైంది. తెలుగులో కొత్త నిబంధన 1818 నాటికే అచ్చయింది. అప్పటికి సినైటికస్ ఉందన్న సంగతే ఐరోపా పండితులకు తెలియదు. 1881లో వెస్ట్‌కాట్, హార్ట్ అనే ఇద్దరు ఇంగ్లండు పండితులు ప్రధానంగా వాటికన్, సినైటికస్ ప్రతుల మీద ఆధారపడి కొత్త గ్రీకు పాఠం ప్రచురించారు. అప్పటి నుంచి పండితుల గ్రీకు పాఠాలు ఎక్కువగా ఆ దారిలోనే నడిచాయి. తరాలుగా కంఠస్థం చేసిన వచనం అడుగుసూచనలోకి దిగిపోతే బాధ కలగడం సహజం. కానీ ‘తీసేశారు’ అనాలన్నా ‘చేర్చారు’ అనాలన్నా ముందు మొదటి పాఠం ఏదో తేలాలి. తేల్చవలసిన విషయాన్నే తేలిపోయినట్లు అనుకుంటే వాదం ముందుకు కదలదు.

ప్రాచీన ప్రతుల పక్షం వారి తర్కం సూటిగా ఉంటుంది. మూలానికి దగ్గరి కాలపు ప్రతిలో, మధ్యలో చేరిన మార్పులు తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ. ఒకే తప్పు వెయ్యి ప్రతుల్లోకి ఎక్కితే అది వెయ్యి సాక్ష్యాలు కాదు, ఒక్కటే. పైగా 20వ శతాబ్దంలో ఈజిప్టు నుంచి వచ్చిన పపైరస్ ప్రతుల్లో ఒకటి, సాధారణంగా 3వ శతాబ్దానిదని చెప్పేది, లూకా, యోహాను సువార్తల్లో వాటికన్ పాఠానికి చాలా దగ్గరగా ఉంది. ఈ పాఠం 4వ శతాబ్దంలో ఎవరో కూర్చుని కల్పించింది కాదని దానితో రుజువైంది.

అధిక సంఖ్యాక ప్రతుల పక్షం వారు, ప్రతి వయసు వేరు, అందులోని పాఠం వయసు వేరు అంటారు. 10వ శతాబ్దపు ప్రతి 2వ శతాబ్దపు పాఠాన్ని మోసుకొచ్చి ఉండవచ్చు. అందరూ చదివిన ప్రతులు అరిగిపోయి నశిస్తాయి, ఎవరూ ముట్టని ప్రతి ఎండ ప్రాంతంలో చెక్కుచెదరక మిగులుతుంది. సినైటికస్, వాటికన్ ప్రతులు సువార్తల్లోనే వేల చోట్ల ఒకదానితో ఒకటి విభేదిస్తాయని కూడా గుర్తుచేస్తారు. ఆ మాట నిజమే.

ఈ రెండు పక్షాల మధ్య నాకు సబబుగా తోచేది ఒకటుంది. ఐదు వేలకు పైగా ఉన్న గ్రీకు రాతప్రతుల్లో ఏ ఒక్కదానికీ తీర్పు చెప్పే అధికారం లేదు. సినైటికస్ గొప్ప సాక్షి. లూకా 10:32 దగ్గర అదే సాక్షి తప్పు చెప్పింది. ప్రతి పాఠాంతరం దగ్గరా విచారణ మొదటి నుంచి చేయవలసిందే.

27 తర్వాత మరో రెండు

ప్రకటన గ్రంథం తర్వాత సినైటికస్ ఆగదు. తొలి క్రైస్తవ రచనలైన బర్నబా పత్రిక మొత్తం, హెర్మాస్ కాపరిలో కొంత భాగం ఉన్నాయి. పాత నిబంధనలో తోబీతు, యూదితు, మక్కబీయుల గ్రంథాల వంటివి కూడా ఉన్నాయి. మనం ఇప్పుడు చదివే 27 పుస్తకాల జాబితా యథాతథంగా కనిపించే మొదటి పత్రం అలెగ్జాండ్రియా బిషప్పు అథనేసియస్ 367లో రాసిన పండుగ లేఖ. సినైటికస్ బహుశా అంతకు ముందుదే. కాబట్టి ఏవి లేఖనాలు, ఏవి చదవదగిన మంచి పుస్తకాలు అన్న గీత అంచుల దగ్గర ఇంకా పూర్తిగా ఆరని కాలం అది. ఒకే అట్టలో కట్టినంత మాత్రాన రెండింటికీ సమాన ప్రామాణ్యం ఇచ్చారని చెప్పలేం. ఇవ్వలేదని కూడా చెప్పలేం.

నకిలీ అన్న వాదం

కాన్‌స్టంటైన్ సిమోనిడెస్ అనే గ్రీకు వ్యక్తి 1862లో ఒక ఇంగ్లీషు పత్రికలో, ఈ గ్రంథాన్ని తన యౌవనంలో గ్రీకు మఠాలున్న ఏథోస్ పర్వతం మీద తానే రాశానని ప్రకటించాడు. అతను రాతప్రతులు అమ్మేవాడు, వాటిలో నకిలీవి ఉన్నాయని అప్పటికే బయటపడింది. ఒక నకిలీని బయటపెట్టినవారిలో సినైటికస్‌ను లోకానికి చూపిన టిషెన్‌డార్ఫ్ కూడా ఉన్నాడు. అంటే పాత కక్ష ఉంది. అయినా మనిషిని చూసి కాదు, ఆధారం చూసి చెప్పాలి.

సిమోనిడెస్ పుట్టకముందే, 1761లో విటాలియానో డొనాటి అనే ఇటలీ యాత్రికుడు, ఈ గ్రంథం తర్వాత బయటపడిన సీనాయి మఠంలో పెద్దగా, పలుచగా, చతురస్రంగా ఉన్న అందమైన చర్మపత్రాల మీద గుండ్రని అక్షరాలతో రాసిన బైబిలును చూశానని రాసుకున్నాడు. అది ఇదేనని చాలామంది నమ్మకం. అంచుల్లో వేర్వేరు శతాబ్దాల చేతిరాతలున్నాయి, అరబ్బీలో రాసిన మాటలూ ఉన్నాయి. వీటన్నిటినీ ఒక యువకుడు కొన్ని నెలల్లో కల్పించాడని నమ్మాలంటే అసలు కథకన్నా పెద్ద అద్భుతాన్ని నమ్మాలి. 1975 మేలో మఠంలో ఒక గోడ వెనుక పూడిపోయిన గదిలో వెయ్యికి పైగా రాతప్రతుల ముక్కలు బయటపడ్డాయి. వాటిలో సినైటికస్ పత్రాలు కూడా ఉన్నాయి. రాతప్రతులను చదివే పండితుల్లో సిమోనిడెస్ వాదాన్ని నేడు ఎవరూ పట్టించుకోరు.

సీనాయి నుంచి లండన్‌కు

ఈ గ్రంథం విషయంలో పాఠం మీద కన్నా హక్కు మీద గాయం లోతుగా ఉంది. జర్మనీ పండితుడు కాన్‌స్టంటైన్ టిషెన్‌డార్ఫ్ 1844లో ఈజిప్టులోని సీనాయి పర్వతం కింద ఉన్న సెయింట్ కేథరిన్ మఠానికి వెళ్లి, 43 పత్రాలతో తిరిగి వచ్చాడు. అవి లైప్‌జిగ్‌లో ఉన్నాయి. నిప్పులో వేయడానికి సిద్ధంగా ఉన్న బుట్టలోంచి వాటిని కాపాడానని ఆయన తర్వాత రాశాడు. మఠం ఈ కథను గట్టిగా ఖండిస్తుంది. చర్మం కాగితంలా భగ్గున మండదనీ, బుట్టల్లో పుస్తకాలు దాచడం ఉండేదనీ అంటూ ఆ కథను శంకించే పండితులూ తక్కువేమీ కాదు. శతాబ్దాల పాటు ఎడారిలో ఆ పుస్తకాలను కాపాడినవారి మీద, వాటిని తీసుకెళ్లిన మనిషి వేసిన నింద అది. ఒక్కడి మాట మీద దాన్ని నిజంగా ప్రచారం చేయడం న్యాయం కాదు.

1859లో రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండర్ అండతో ఆయన మళ్లీ వెళ్లాడు. ఫిబ్రవరి 4న మఠం ఉద్యోగి ఒకరు ఎర్ర గుడ్డలో చుట్టిన మిగతా పత్రాలు చూపించారు. ఆ సెప్టెంబరులో, అడిగినప్పుడు భద్రంగా తిరిగి ఇస్తామని రసీదు రాసి వాటిని అరువుగా తీసుకున్నాడు. 1862లో ముద్రణ ప్రతి వెలువడింది, గ్రంథం తిరిగి వెళ్లలేదు. 1869లో మఠం తరఫున దానపత్రం మీద సంతకాలు జరిగాయి. మఠానికి 9,000 రూబుళ్లు అందాయి. దానపత్రం ఉంది గనక బదిలీ చట్టబద్ధమని ఒక పక్షం అంటుంది. పదేళ్లుగా వస్తువు చేతిలో లేనప్పుడు, మఠం ఆర్చిబిషప్పు ఎన్నికకు రష్యా మద్దతు కావలసి వచ్చిన పరిస్థితిలో చేసిన సంతకం స్వేచ్ఛగా చేసినది ఎలా అవుతుందని మరో పక్షం అడుగుతుంది. పత్రం ఉన్నదన్నది ఎంత నిజమో, ఒత్తిడి ఉన్నదన్నదీ అంతే నిజం.

విదేశీ డబ్బు అవసరపడిన సోవియట్ ప్రభుత్వం 1933లో గ్రంథాన్ని లక్ష పౌండ్లకు బ్రిటిష్ మ్యూజియానికి అమ్మేసింది. అందులో సగానికి పైగా ఇంగ్లండు ప్రజల చందాలు. ఇప్పుడు 347 పత్రాలు బ్రిటిష్ లైబ్రరీలో, 43 లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో, కొన్ని ముక్కలు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, 1975లో దొరికినవి సీనాయిలో ఉన్నాయి. 2005లో నాలుగు సంస్థలూ ఒప్పందం కుదుర్చుకుని, 2009 నాటికి పేజీలన్నిటి ఛాయాచిత్రాలనూ ఇంటర్నెట్‌లో ఉంచాయి. హక్కు ఎవరిదన్న వివాదం దానితో తీరలేదు. 2009లోనే మఠం గ్రంథాలయంలో మరో పుస్తకం అట్ట లోపల అతికి ఉన్న సినైటికస్ ముక్క ఒకటి ఒక పరిశోధకుడి కంటబడింది. పాత చర్మపత్రాలను కోసి కొత్త పుస్తకాల అట్టలకు వాడడం ఒకప్పుడు మామూలే గనక, అక్కడి మిగతా అట్టలను కూడా వెతకవలసి ఉంది.